బెంచి మీద బావమరిది

ఓడరేవు కార్మికుల క్లబ్బు బాస్కెట్‌బాల్ జట్టులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. కోచ్‌కి బావమరిది కాబట్టి జట్టంతా "బావమరిదీ" అనే పిలిచేది. కొత్తగా చేరినవాళ్ళు నాలుగు రోజులు మొహమాటపడి, తర్వాత వాళ్ళూ అదే పిలుపులో పడేవారు. అతను కోర్టులో అడుగు పెట్టగానే అవతలి జట్టు అభిమానులు "బావగారి చలవ! బావగారి చలవ!" అని అరిచేవారు. అతను వాళ్ళ వైపు తిరిగి వంగి సలాం కొట్టేవాడు. అంతే, ఎగతాళి కాస్తా నవ్వుగా మారిపోయేది.

నిజానికి చుట్టరికం కంటే ఆటే ముందు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. ప్రాక్టీసయ్యాక ఆకలేస్తోందంటే అతను కోచ్‌ని ఇంటికి తీసుకెళ్ళేవాడు. అలా వెళ్తూ వస్తూ కోచ్ అతని అక్కనే పెళ్ళి చేసుకున్నాడు.

"పాపం ఆకలితో ఉన్నాడని ఇంటికి తీసుకొస్తే మా వంటమనిషినే ఎత్తుకుపోయాడు" అని అతను నలుగురు చేరినచోటల్లా చెప్పేవాడు.

"నేను వంటమనిషినట్రా?" అని అక్క అతని వీపు మీద ఒక్కటిచ్చేది. ఎన్నిసార్లు విన్నా ఆ మాటకు మొదట నవ్వేది మాత్రం వాళ్ళమ్మ, అంటే కోచ్ అత్తగారు.

తర్వాత కోచ్ మోకాలు దెబ్బతిని ఆట వదిలేసి ఈల అందుకున్నాడు. బావమరిది ఆడుతూనే ఉన్నాడు. పగలంతా ఓడరేవు వర్క్‌షాపులో వెల్డింగు పని, సాయంత్రం ప్రాక్టీసు. నలభైకి దగ్గరపడేసరికి పరుగు తగ్గింది. "మన బావమరిది ఎగిరితే కాళ్ళ కింద కాగితం దూర్చొచ్చు, కాకపోతే పల్చటి కాగితం చూసుకోవాలి" అని తూనీగ ఆటపట్టించేవాడు. జట్టులో బంతి నడిపించే సన్నటి ఆటగాడికి ఆ పేరు అతని పరుగు వల్ల వచ్చింది.

ఆ ఏడు లీగు మ్యాచుల్లో కోచ్ పద్ధతి ఒక్కటే. పదిమందినీ ఆడించడం. మొదటి క్వార్టరు అసలు అయిదుగురూ ఆడేవాళ్ళు. రెండో క్వార్టరు మొదలు కాగానే వాళ్ళను కూర్చోబెట్టి బెంచి మీది వాళ్ళను దించేవాడు. వాళ్ళకు పెద్దదిక్కు బావమరిది. అతను పాయింట్లు పెద్దగా వేసేవాడు కాదు. షాటు కొట్టేవాడికి అడ్డుగోడలా నిలబడేవాడు. వెనక నుంచి "ఎడమ చూడు, ఎడమ! నీ మనిషి జారిపోయాడు!" అని గొంతు చించుకునేవాడు. అతను కోర్టులో ఉన్నంతసేపూ ఆధిక్యం పెరిగేది కాదు, తరిగేదీ కాదు. అసలువాళ్ళు ఊపిరి పీల్చుకుని తిరిగి దిగేసరికి అవతలివాళ్ళు రొప్పుతూ ఉండేవారు. చాలా ఏళ్ళ తర్వాత క్లబ్బు జట్టు లీగులో రెండో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కి చేరింది అలాగే.

ప్లేఆఫ్స్ అనగానే కోచ్‌ల లెక్క మారిపోతుంది. లీగులో ఇవాళ ఓడితే రేపు ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఇక్కడ ఓడితే మూట సర్దుకోవడమే. అందుకని బెంచిని కుదిస్తారు. బాగా ఆడేవాళ్ళకే ఎక్కువ సమయం ఇస్తారు. పదిమందితో ఆడినవాళ్ళు ఎనిమిదికీ ఏడుకీ దిగుతారు. తప్పుకోవలసిన ముగ్గురిలో ఇద్దరు ఆ ఏడే చేరినవాళ్ళు, వాళ్ళ సంగతి కోచ్‌కి పెద్దగా బరువనిపించలేదు. చిక్కంతా ఎనిమిదో మనిషి దగ్గర. ఎనిమిదో మనిషి కావాలా? కావాలంటే అది ఖచ్చితంగా బావమరిదే. కోచ్ మనసుకి తెలిసిన సమాధానం అది.

సెమీఫైనల్‌కి ముందు క్లబ్బు కార్యదర్శి కోచ్‌ని తన గదికి పిలిపించాడు. టీ తెప్పించాడు. బిస్కెట్లు కూడా పెట్టించాడు. బిస్కెట్లు వచ్చాయంటే మాట కాస్త చేదుగా ఉంటుందని క్లబ్బులో అందరికీ తెలుసు.

"మీకు చెప్పేంతటివాణ్ణి కాదు సార్" అన్నాడు కార్యదర్శి. "లీగులో ఎలా ఆడించినా చెల్లిపోయింది. ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళంతా వచ్చి కూర్చుంటారు. ఇక్కడ కూడా చుట్టరికాలు చూసుకున్నామంటే జనం నోట్లో పడతాం. నేనెవర్నీ ఉద్దేశించి అనడం లేదు."

"అర్థమైంది" అన్నాడు కోచ్.

కార్యదర్శి ఆ మాట అనకపోతే ఏం చేసేవాడో అతనికే తెలియదు. కానీ గది దాటి మెట్లు దిగేలోపు ఏడుగురితో ఆడాలని నిశ్చయించుకున్నాడు. ఇది ఆట కోసమే, అందరు కోచ్‌లూ చేసేదే, అని ఒకటికి రెండుసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. ఆ సంగతి తప్పించిన ముగ్గురిలో ఎవరికీ చెప్పలేదు.

సెమీఫైనల్లో మొదటి క్వార్టరు ముగిసింది. అలవాటు ప్రకారం బావమరిది లేచి, పైన వేసుకున్న జాకెట్టు జిప్పు లాగి, చేతులు దులుపుకుని కోచ్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. కోచ్ అతని భుజం మీదుగా బెంచి వైపు చూసి, "పొడుగూ, నువ్వు రా" అన్నాడు. పొడుగు అంటే జట్టులో ఏడో మనిషి.

ఒక్క క్షణం బావమరిది అలాగే నిలబడ్డాడు. తర్వాత పొడుగు వీపు తట్టి, "వెళ్ళు, వాళ్ళ నాలుగో నంబరు ఎడంచేతివాడు, చూసుకో" అని చెప్పి, జాకెట్టు మళ్ళీ తొడుక్కుని కూర్చున్నాడు. జిప్పు ఎక్కడో ఇరుక్కుంది. దాన్ని సరిచేసుకుంటూ చాలాసేపు తల వంచుకునే ఉన్నాడు. కోచ్ అటు చూడకుండా ఉండడానికి కోర్టులో లేని తప్పులకి కూడా అరిచాడు.

జట్టు ఆ మ్యాచ్ గెలిచింది. గెలుపు వచ్చాక ఎవరు దేన్ని ప్రశ్నిస్తారు? పత్రికలవాళ్ళు కోచ్ గుండెధైర్యాన్ని మెచ్చుకున్నారు. కార్యదర్శి చేయి పట్టుకుని ఊపాడు. ఇంటికి వెళ్తే భార్య మాత్రం కంచం ముందు పెట్టి, "తమ్ముడు ఆడలేదట?" అంది.

"ప్లేఆఫ్స్ వేరు."

"వేరేలెండి. వాడికి ముందు చెప్పారా?"

"జట్టులో పదిమంది ఉన్నారు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి బుజ్జగిస్తూ పోతే ఆట ఎప్పుడాడేది?"

"పదిమందిలో నాకు తమ్ముడు ఒక్కడే" అంది ఆమె. అంతకు మించి ఏమీ అనలేదు. ఆమె ఎక్కువ మాట్లాడి ఉంటే అతను కూడా ఎదురు మాట్లాడి, పౌరుషంతో నిద్రపోయేవాడు. ఆ అవకాశం ఇవ్వలేదు.

ఫైనల్ మూడు మ్యాచులు. రెండు గెలిచినవాళ్ళకి కప్పు. అవతలి జట్టు విద్యుత్ కేంద్రం ఉద్యోగులది. అందరూ వాళ్ళను కరెంటువాళ్ళు అనేవారు. వాళ్ళ కోచ్ జుట్టు నెరిసిన పెద్దాయన. అందరూ బెంచి కుదిస్తుంటే ఆయన మాత్రం లీగులో ఆడించినట్టే తొమ్మిదిమందినీ తిప్పుతూ ఆడించాడు. మొదటి మ్యాచ్‌లో ఓడినప్పుడు కూడా ఆయన పద్ధతి మార్చలేదు. "ముసలాయనకి చాదస్తం" అని ఓడరేవు క్లబ్బులో నవ్వుకున్నారు. రెండో మ్యాచ్ చివరి క్వార్టర్లో ఆ చాదస్తం ఏమిటో తెలిసింది. కరెంటువాళ్ళు అప్పుడే ఇంట్లోంచి వచ్చినట్టు పరిగెత్తారు. ఓడరేవు జట్టు ఆటగాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డారు. సిరీస్ సమమైంది.

మర్నాడు జట్టు ఫిజియో, కెప్టెన్ పిక్కలు నొక్కుతూ కోచ్‌ని పిలిచింది.

"సార్, ఒకసారి ముట్టుకుని చూడండి. ఇవి కండలా, కర్రలా?"

"మేడమ్ ఊరికే భయపెడుతున్నారు సార్, నేను బాగానే ఉన్నాను" అన్నాడు కెప్టెన్ బల్ల మీద నుంచే.

"బాగుంటే దిగి రెండు గుంజీళ్ళు తియ్యి నాయనా" అంది ఫిజియో. కెప్టెన్ దిగలేదు. ఆమె కోచ్ వైపు తిరిగి, "రెండో క్వార్టర్లో కాసేపు, మూడో క్వార్టర్లో కాసేపు ఇతన్ని కూర్చోబెట్టండి. బావమరిది ఉన్నాడుగా" అంది.

"చూద్దాం" అన్నాడు కోచ్.

ఆ సాయంత్రం తేలికపాటి ప్రాక్టీసు చేయించాడు. అందరూ వెళ్ళాక బావమరిది బంతులన్నీ వల సంచిలో వేస్తూ ఉండిపోయాడు. అది అతని పని కాదు. ఏదో మాట ఉండే ఆగాడని కోచ్‌కి తెలుస్తూనే ఉంది.

"బావా."

"ఊఁ."

"అమ్మ రేపు మ్యాచ్‌కి వస్తానంటోంది." అతను సంచి మూతి తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఎప్పుడూ రాలేదుగా. జనం, గోల, తలనొప్పి అనేది. ఈ ఏడుతో మానేస్తున్నానని చెప్పా. మోకాళ్ళు ఇంక నా మాట వినట్లేదు బావా. అయితే ఆఖరిదన్నా చూస్తానంది. ఏమంటావ్? తీసుకురానా?"

కోచ్ చేతిలో ఈల ఉంది. దాని తాడు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. జిమ్నాసియంలో ఇద్దరే ఉన్నారు. 'రేపు కూడా నిన్ను దింపనేమోరా, ఆవిణ్ణి శ్రమపెట్టకు' అంటే సరిపోయేది. బావమరిది ముఖం చిన్నబోయేది, అంతే. కానీ ఆ ముఖం చూడాలి. అది తప్పించుకోవడానికి అతనికి ఒక ఉపాయం తోచింది. రేపటి సంగతి రేపు, ఏమో, దింపినా దింపుతానేమో, అనుకున్నాడు.

"తీసుకురా" అన్నాడు. "ఆవిడ రాకపోతే ఎలా?"

బావమరిది తల ఎత్తి చూశాడు. ముఖం విప్పారింది. "సరే అయితే" అన్నాడు. సంచి భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో మ్యాచ్ మధ్యాహ్నం. స్టేడియం కిక్కిరిసింది. కోచ్ భార్య, అత్తగారు బెంచికి వెనక నాలుగు వరసల పైన కూర్చున్నారు. అత్తగారు చేతిసంచిని ఒళ్ళో నిటారుగా పట్టుకుని, డాక్టరు గదిలో తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. జట్లు కోర్టులోకి రాగానే బావమరిది చేయి ఊపాడు. ఆమె సంచితోసహా చేయి ఊపింది. వాళ్ళకి ఒక వరస ముందు కార్యదర్శి, ఆయన అతిథులు ఉన్నారు.

మొదటి క్వార్టరు బాగా సాగింది. రెండో క్వార్టరు మొదలైంది. కోచ్ కెప్టెన్‌ని కూర్చోబెట్టలేదు. ఇంకో రెండు నిమిషాలు, ఆధిక్యం కొంచెం పెరిగాక, అనుకున్నాడు. ఆధిక్యం పెరిగింది. ఇప్పుడు మారిస్తే ఊపు పోతుందేమో అనుకున్నాడు. తర్వాత తగ్గింది. తగ్గినప్పుడు ఎలా మారుస్తాం అనుకున్నాడు. అలా విరామం వచ్చేసింది.

మూడో క్వార్టరు మధ్యలో కెప్టెన్‌కి నాలుగో ఫౌల్ పడింది. అయిదో ఫౌల్ పడితే ఆటగాడు బయటికి పోవలసిందే. నాలుగు ఉన్నవాణ్ణి కాసేపు కూర్చోబెట్టి, చివరికి దాచుకోవడం ఏ కోచ్ అయినా చేసేదే. కోచ్ టైమౌట్ అడిగాడు. ఆటగాళ్ళు చుట్టూ చేరారు. కెప్టెన్ కుర్చీలో కూలబడి, తల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

ఫిజియో కోచ్ చెవి దగ్గరికి వంగింది. "ఇప్పుడు దింపండి సార్. ఇంతకంటే ఎప్పుడు?"

బావమరిది అప్పటికే జాకెట్టు విప్పేశాడు. ఈసారి కోచ్ పక్కకి రాలేదు. ఉన్నచోటే కూర్చుని, బూటు లేసు ముడి చూసుకుంటున్నాడు. పై నుంచి ఎవరో కరెంటువాళ్ళ అభిమాని "బావగారి చలవ!" అని అరిచాడు. చుట్టుపక్కల నవ్వులు వినిపించాయి. కోచ్ తల తిప్పాడు. కార్యదర్శి తన పక్కనున్న అతిథితో ఏదో అంటున్నాడు. అది దేని గురించో కోచ్‌కి తెలియదు. వాతావరణం గురించి కూడా కావచ్చు. ఆ పై వరసలో అత్తగారు లేచి నిలబడి ఉంది. కొడుకు జాకెట్టు విప్పడం ఆమె చూసింది.

"కెప్టెన్, ఆడగలవా?" అన్నాడు కోచ్.

తువ్వాలు లోపల నుంచే "ఆడతా సార్" అని వినిపించింది. ఏ కెప్టెన్ అయినా అదే అంటాడు. అలాంటి ప్రశ్న అడగడమంటేనే జవాబు ముందే తీసుకున్నట్టు.

"సరే. అదే అయిదుగురు" అన్నాడు కోచ్.

ఫిజియో నీళ్ళ సీసాల వైపు వెళ్ళిపోయింది. బావమరిది జాకెట్టు మళ్ళీ తొడుక్కోలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చప్పట్లు కొడుతూ, "ఎడమ చూడు తూనీగా, ఎడమ!" అని బెంచి మీద నుంచే అరవడం మొదలుపెట్టాడు. చివరిదాకా అరుస్తూనే ఉన్నాడు. మ్యాచ్ అయ్యేసరికి జట్టులో అందరికంటే ఎక్కువ గొంతు పోయింది ఆడనివాడికే.

అలసిన కాళ్ళతో వేసిన బంతి పక్కకి పోదు. పొట్టిగా పడుతుంది. చేతిలో గురి ఉన్నా, బంతిని పైకి పంపే బలం కాళ్ళలోంచి రావాలి. చివరి క్వార్టర్లో ఓడరేవు జట్టు షాట్లు ఒకదాని వెనక ఒకటి రింగు ముందు అంచుకి తగిలి వెనక్కి వచ్చాయి. ఆఖరి నిమిషంలో కరెంటువాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. కెప్టెన్‌కి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఎదుట ఎవరూ అడ్డు ఉండరు. ఊరికే నిలబడి వేయాలి. ఆ ఏడంతా అతను వాటిని కళ్ళు మూసుకుని వేసినవాడు. మొదటి బంతి రింగు ముందు అంచుకి కొట్టుకుని వచ్చేసింది. రెండోది కూడా. స్టేడియంలో సగం మంది గంతులేశారు.

కోచ్ వెళ్ళి కరెంటువాళ్ళ పెద్దాయనతో చేయి కలిపాడు. పెద్దాయన గెలిచినవాడిలా మాట్లాడలేదు. "మీ కుర్రాళ్ళు బాగా అలిసిపోయారు" అన్నాడు జాలిగా. ఆ జాలి ఓటమి కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆటగాళ్ళ గది బయట నడవాలో భార్యా అత్తగారూ ఎదురుచూస్తున్నారు. కోచ్ వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వెనకే బావమరిది కూడా సంచి తగిలించుకుని వచ్చాడు. అత్తగారు కొడుకుని కిందనుంచి పైదాకా చూసి, అల్లుడి వైపు తిరిగింది. ఆమె ఏనాడూ అల్లుణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు, ఏకవచనం వాడిందీ లేదు.

"అల్లుడుగారూ, వీడికి ఒంట్లో బాగోలేదా? ఆడలేదేం?"

నడవాలో జనం పోతున్నారు. ఎవరో తలుపు దభాలున వేశారు. కోచ్ నోట్లోంచి మాట అతని ప్రమేయం లేకుండానే వచ్చింది.

"కాలు పట్టేసిందత్తయ్యగారూ. పొద్దున్నే."

చెప్పాక బావమరిది ముఖంలోకి చూడలేకపోయాడు. కానీ బావమరిది ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు.

"అవునమ్మా, పిక్క పట్టింది. బావ వద్దన్నాడు. నేనే ఆడతానని గోల చేశా" అన్నాడు. అని, గోడకి చేయి ఆనించి, కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

"చూసి నడువు నాయనా" అంటూ ఆమె కొడుకు మోచెయ్యి పట్టుకుంది. కారు దాకా అలాగే నడిపించుకుంటూ వెళ్ళింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, దుక్కలా ఉన్న కాళ్ళు పెట్టుకుని, తల్లి చేయి ఆసరాగా కుంటుతూ పార్కింగు దాటాడు. కోచ్ వాళ్ళ వెనకే తలదించుకుని సంచులు మోసుకుంటూ నడిచాడు. ఓడిపోయినందుకు అలా తలదించుకున్నాడని దారిలో ఒకరిద్దరు భుజం తట్టి ఓదార్చారు.

మర్నాడు పొద్దున భార్య కాఫీ కప్పు అతని ముందు పెడుతూ, "ఏ కాలు పట్టిందో మీరిద్దరూ ముందే మాట్లాడుకోవాల్సింది" అంది.

"ఏం?"

"నడవాలో కుడికాలు కుంటాడు. కారు దగ్గరికి వచ్చేసరికి ఎడమ కాలు కుంటాడు."

"మీ అమ్మ చూసిందా?"

"కన్నతల్లికి కనపడదా?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు ఆ విషయం ఎవరితోనూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత కోచ్ ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "వాడి కాలు ఎలా ఉందల్లుడుగారూ?" అని అడిగేది. కొడుకు అదే ఊళ్ళో ఉన్నాడు, రోజూ వచ్చిపోతూనే ఉన్నాడు. అయినా అల్లుణ్ణే అడిగేది. "తగ్గిందత్తయ్యగారూ" అని అతను ప్రతిసారీ చెప్పవలసి వచ్చేది. ఆమె తెలిసి అడుగుతోందో తెలియక అడుగుతోందో ఆ కళ్ళలో అతనికి ఎన్నడూ అంతు చిక్కలేదు.

క్లబ్బులో సమీక్షకని కార్యదర్శి మళ్ళీ పిలిచాడు. ఈసారి టీ మాత్రమే వచ్చింది.

"మీరేమీ అనుకోనంటే ఒక మాట సార్. కెప్టెన్ మరీ అలిసిపోయాడు. మీ బావమరిదిని కాసేపు దింపాల్సింది. అందరూ అదే అనుకుంటున్నారు."

కోచ్‌కి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చి ఉండేదేమో, టీ తాగి రెండూ దిగమింగాడు. ఈయన మీదికి తోసెయ్యడానికి కూడా లేదు. ఆయన ఒక మాట అన్నాడు, అంతే. ఊఁ కొట్టింది తను.

బావమరిది చెప్పినట్టే ఆట మానేశాడు. బావమీద అలగలేదు. రాకపోకలు తగ్గించలేదు. నలుగురిలో వంటమనిషి జోకు కూడా మానలేదు. కోచ్ ఎన్నోసార్లు ఆ ప్రసక్తి తేబోయాడు. "ఆ రోజు…" అనగానే అతను "ఆ రోజు ముసలాయన భలే దెబ్బ కొట్టాడు బావా" అని మాట మళ్ళించేసేవాడు. తలుపు తీసే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపలికి వెళ్ళబోతే గడియ పడి ఉంటుంది.

చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ కోచ్ ఓడరేవు వర్క్‌షాపుకే వెళ్ళాడు. మిగతావాళ్ళు బయట నీడన తింటున్నారు. బావమరిది ఒక్కడే ఇనుప చట్రం ముందు గొంతుక్కూర్చుని, ముఖానికి ముసుగు పెట్టుకుని పని ముగించుకుంటున్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా కోచ్ దూరంగా నిలబడ్డాడు. బావమరిది ముసుగు పైకి ఎత్తి, "ఏంటి బావా, ఇలా వచ్చావ్? అక్క బానే ఉందా?" అన్నాడు.

"బానే ఉంది. నీకు ఒక మాట చెప్పాలని వచ్చా. ఈసారి మాట మార్చకు."

బావమరిది మార్చలేదు.

"నిన్ను దింపాల్సింది. నాకు తెలుసు దింపాలని. ఎవరో ఏదో అంటారని దింపలేదు. నాది తప్పురా."

బావమరిది చేతి తొడుగులు ఒక్కో వేలే లాగి తీశాడు.

"ఆడనందుకు బాధ లేదంటే అబద్ధం" అన్నాడు. "ఉంది. కానీ ఎవరో ఒకరు కూర్చోవాలిగా బావా. నువ్వు కోచ్‌వి. కూర్చోమంటే కూర్చుంటా. కానీ నేను నిన్ను అడిగా కదా?"

"ఏం అడిగావ్?" అన్నాడు కోచ్. ఏం అడిగాడో అతనికి బాగా తెలుసు.

"అమ్మని తీసుకురానా అని. రేపు నన్ను ఆడిస్తావా అని అడగలేకే అలా అడిగా. 'వద్దురా' అంటే నాకు తెలిసిపోయేది. పోన్లే అనుకునేవాణ్ణి. నువ్వు తీసుకురా అన్నావ్. సరే, అయితే ఆడిస్తాడు అనుకున్నా. ఆవిడ పక్కింటావిడకి, ఎదురింటావిడకి కూడా చెప్పి వచ్చింది."

కోచ్ క్షమించమనే మాట దాచి తెచ్చుకున్నాడు, కానీ అది వేరే తప్పు కోసం తెచ్చుకున్న మాట. ఈ తప్పుకి సరిపోయేలా లేదు.

"సర్లే బావా" అన్నాడు బావమరిది. మళ్ళీ తొడుగులు వేసుకుంటూ, అతన్ని అక్కడి నుంచి బయటపడేయడానికే అన్నట్టు, "ఆ రాడ్డు ఇటు అందుకో. తిన్నావా? తినకపోతే నా డబ్బాలో ఉంది" అన్నాడు. కోచ్ రాడ్డు అందించాడు.

మరుసటి ఏడు జట్టు మళ్ళీ ప్లేఆఫ్స్‌కి చేరింది. ఈసారి కోచ్ తొమ్మిదిమందితో ఆడాలనుకున్నాడు. తప్పుకోవలసిన పదో మనిషి పొడుగు. వెన్ను నొప్పితో అతని ఆట మందగించింది. కోచ్ అతను పనిచేసే గోదాముకి వెళ్ళి, పక్కకి పిలిచి, ముఖం చూస్తూ చెప్పాడు.

పొడుగు ముందు నమ్మలేదు. తర్వాత మండిపడ్డాడు. "ఇన్నాళ్ళూ గాడిదలా వాడుకుని ఇప్పుడు పొమ్మంటారా? మీకు మనుషులంటే లెక్కుందా? సొంత బావమరిదికే దిక్కు లేకుండా చేశారు, నేనెంత మీకు!" గోదాములో వాళ్ళంతా పని ఆపి చూశారు. కోచ్ తల వంచుకోకుండా నిలబడి అంతా విన్నాడు. పొడుగు మొదటి మ్యాచ్‌కి రాలేదు. రెండోదానికి వచ్చి బెంచి చివర కూర్చున్నాడు. మూడోదానికి నీళ్ళ సీసాలు అందించాడు.

ఆ ఏడు కప్పు వచ్చింది. ఫైనల్ రోజున బావమరిది వర్క్‌షాపు వాళ్ళతో వచ్చి, వెనక గోడ దగ్గర నిలబడి మ్యాచ్ చూశాడు. గొంతు పోయేలా అరిచాడు కూడా. గెలిచాక జట్టంతా ఫొటో కోసం కోర్టు మధ్యలో చేరింది. తూనీగ జనంలోకి పరిగెత్తుకెళ్ళి అతన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. కోచ్ తన పక్కన చోటు చేసి, "రా రా, ఇక్కడ నిలబడు" అన్నాడు.

"నేను ఆడలేదుగా బావా" అన్నాడు బావమరిది. నవ్వుతూనే అన్నాడు. కెప్టెన్‌ని కావలించుకుని, పొడుగు చేయి పట్టుకుని ఊపి, కప్పుని ఒకసారి రెండు చేతులా ఎత్తి చూసి తూనీగకి ఇచ్చేశాడు. షిఫ్టుకి టైమవుతోందని చెప్పి వెళ్ళిపోయాడు.

కోచ్ ఇంటికి వచ్చేసరికి భార్య రేడియోలో అప్పటికే విన్నది. సంతోషించింది. అతని మెడలోని పూలదండ తీసి కుర్చీకి తగిలించింది.

"వాడొచ్చాడా?"

"వచ్చాడు."

"ఫొటోలో ఉన్నాడా?"

"పిలిచాను. నిలబడలేదు."

ఆమె కుర్చీకి తగిలించిన దండ సర్దింది. "పొడుగు ఉన్నాడా?" అంది తర్వాత.

"ఉన్నాడు. ముందు వరసలోనే కూర్చున్నాడు."

"నిన్నగాక మొన్న మిమ్మల్ని అంత మాట అన్నాడు, ఆ అబ్బాయేనా?"

"అతనే" అన్నాడు కోచ్. బూట్లు విప్పడానికి కుర్చీలో కూర్చున్నాడు. ఒక బూటు విప్పి చేతిలో పట్టుకుని, రెండోది విప్పడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు. "వీడు కూడా ఒక్కసారి నన్ను అలా తిట్టి ఉంటే బాగుండేది" అన్నాడు.

"మా వాడికి తిట్టడం రాదు" అంది ఆమె. అని, వంగి, రెండో బూటు తనే విప్పింది.